వంగే మాస్ట్, మారని పడవ

లేజర్ పడవను నీటిలోకి దించే ముందు ఒడ్డున పరిచిన సామాను చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నాలుగు మీటర్లు దాటిన ఫైబర్‌గ్లాస్ హల్, అంటే పడవ దేహం, ఒకటి. ఒకదానిలో ఒకటి దూర్చి నిలబెడితే మాస్ట్ అనే తెరచాప స్తంభం అయ్యే రెండు గొట్టాలు. బూమ్‌గా అడ్డంగా కట్టే మూడో గొట్టం. ఒక తెరచాప. పడవ మధ్యనుంచి నీటిలోకి దించే డాగర్‌బోర్డ్ అనే పలక, వెనుక చుక్కాని, దాన్ని తిప్పే టిల్లర్ కర్ర, కొన్ని తాళ్లు, కొన్ని కప్పీలు. అలవాటున్నవారు పావుగంటలో ఇవన్నీ కూర్చి పడవను నీళ్ల అంచుకు తెచ్చేస్తారు. మాస్ట్‌ను పట్టి ఉంచే ఉక్కు తీగలు దీనికి లేవు. ముందువైపు రెండో తెరచాప లేదు. తెరచాపను పైకి లాగే తాడు కూడా లేదు.

ఇంత తక్కువ సామానుతో తయారైన పడవ యాభై ఏళ్లకు పైగా ప్రపంచంలోని చెరువుల్లో, సముద్రాల్లో పోటీ పడుతోంది. ఇప్పటివరకు రెండు లక్షలకు పైగా పడవలు తయారయ్యాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ ఉంది. దీని పనితనాన్ని దగ్గరగా చూసేవారికి ఒక సంగతి క్రమంగా తెలిసివస్తుంది. తీసేసిన ప్రతి వస్తువు పనినీ, ఉన్న వస్తువుల్లో ఏదో ఒకదానికి అప్పగించారు. అందుకే ఈ పడవలో ఒకే పని చేసే భాగాలు చాలా తక్కువ.

దీని పుట్టుక 1969లో ఒక టెలిఫోన్ సంభాషణతో మొదలైంది. కెనడాలోని ఒక పెద్ద వ్యాపార సంస్థ గుడారాల వంటి విహార సామగ్రిని రూపొందించాలనుకుంది. ఆ సామగ్రిలో కారు పైకప్పు మీద పెట్టి తీసుకెళ్లగల చిన్న తెరచాప పడవ కూడా ఉంటే బాగుంటుందని మాంట్రియల్ డిజైనర్ ఇయాన్ బ్రూస్ అనుకున్నాడు. మిత్రుడు బ్రూస్ కెర్బీకి ఫోన్ చేశాడు. కెర్బీ పత్రికా సంపాదకుడు, పడవల డిజైనర్. మాట్లాడుతూ మాట్లాడుతూనే కాగితం మీద ఒక గీత గీశాడు. తర్వాత దాన్ని శుద్ధి చేసి పూర్తి నమూనా చేశాడు. ఆ సంస్థకు చివరికి పడవ అక్కర్లేకపోయింది, గీత కొన్నాళ్లు పక్కన పడి ఉంది. 1970లో వెయ్యి డాలర్లలోపు ధర ఉన్న పడవల కోసం అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక పోటీ పెట్టినప్పుడు ఇయాన్ బ్రూస్ దాన్ని బయటికి తీసి పడవగా కట్టించాడు. తెరచాప కుట్టింది డెన్మార్క్ నుంచి కెనడాలో స్థిరపడిన హన్స్ ఫాగ్. మరుసటి ఏడాది న్యూయార్క్ బోట్ షోలో లేజర్ అన్న పేరుతో జనం ముందుకొచ్చింది.

ఈ ముగ్గురూ ఒలింపిక్స్‌లో పడవలు నడిపినవారే. ఫాగ్‌కు 1960 రోమ్‌లో రజతం కూడా ఉంది. గెలవడానికి ఏది కావాలో, ఏది లేకపోయినా నడుస్తుందో తేల్చుకోవడానికి వీళ్లకు వేరే సలహాదారులు అక్కర్లేదు. ధరకు హద్దు, బరువుకు హద్దు, ఇద్దరు మనుషులు కారు మీదికి ఎత్తగలగాలన్న షరతు: ఈ పడవకు మేలు చేసినవి ఈ హద్దులే అని నా నమ్మకం. హద్దు లేకపోతే ఎవరో ఒకరు ఏదో ఒకటి చేర్చి ఉండేవారు.

ఇక మాస్ట్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ పడవకు ప్రాణం అందులోనే ఉంది. మామూలు పడవల్లో మాస్ట్‌ను ముందునుంచీ పక్కలనుంచీ తీగలతో బిగించి కడతారు. లేజర్‌లో డెక్ మీద ఉన్న గుంటలో దింపి వదిలేస్తారు, అంతే. తెరచాప ముందు అంచు పొడవునా దిండు గలీబులా కుట్టిన గొట్టం ఉంటుంది. దాన్ని మాస్ట్‌కు పైనుంచి తొడుగుతారు. తెరచాపను ఎత్తే తాడు, దానికో కప్పి, మాస్ట్ వెంట ఒక గాడి, ఈ మూడూ ఒక్క కుట్టుతో అవసరం లేకుండా పోయాయి.

తీగలు లేని మాస్ట్ గాలికి వంగుతుంది. ఎక్కువ మంది డిజైనర్లు దీన్ని లోపంగా చూసి సరిచేసేవారు. లేజర్‌లో ఆ వంపే తెరచాప ఆకారాన్ని మార్చే సాధనం. అదెలాగో చూడాలంటే తెరచాపను నేల మీద పరచాలి. దాని ముందు అంచు నిటారు గీతగా ఉండదు, కాస్త బయటికి ఉబ్బిన గీతగా కత్తిరించి ఉంటుంది. నిటారు మాస్ట్‌కు తొడిగితే ఆ అదనపు గుడ్డ వెనక్కి చేరి తెరచాపకు పొట్ట వస్తుంది. గాలి తక్కువగా ఉన్నప్పుడు పడవకు కావలసింది ఆ పొట్టే. గాలి పెరిగాక అదే పొట్ట పడవను పక్కకు పడేస్తుంది. అప్పుడు మాస్ట్‌ను వంచితే, మధ్యలో ముందుకు ఉబ్బిన మాస్ట్ ఆ అదనపు గుడ్డను తనవైపు లాగేసుకుంటుంది, తెరచాప చదునవుతుంది. గుడ్డ కత్తిరింపుకూ గొట్టం వంపుకూ మధ్య కుదిరిన ఈ లెక్క నాకు లేజర్ మొత్తంలో అన్నిటికన్నా అందమైన పనిగా కనిపిస్తుంది.

వంచడానికి తాళ్లు ఉన్నాయి. మూడు ముఖ్యం. వాంగ్ అనేది బూమ్‌ను కిందికి, మాస్ట్ అడుగువైపు లాగే తాడు. దీన్ని బిగిస్తే బూమ్ కిందికి దిగడమే కాదు, దాని ముందు కొస మాస్ట్‌ను ముందుకు నెడుతుంది. మాస్ట్ కింది సగం ముందుకు, పై కొస వెనక్కి వంగుతాయి. కనింగ్‌హామ్ తెరచాప ముందు అంచును కిందికి లాగుతుంది. పొట్ట వెనక్కి జారిపోకుండా ముందువైపు నిలుస్తుంది, పై భాగం తెరుచుకుని గాలిని వదిలేస్తుంది. అవుట్‌హాల్ తెరచాప వెనుక మూలను బూమ్ కొస వైపు లాగి అడుగు భాగాన్ని చదును చేస్తుంది. వీటికి తోడు సెయిలర్ చేతిలో ఎప్పుడూ ఉండే తాడు మెయిన్‌షీట్. అది బూమ్‌ను లోపలికి లాగుతూ, గట్టిగా లాగితే తానూ మాస్ట్‌ను వంచుతుంది.

బలమైన గాలిలో ఈ తాళ్లు ఒకదానితో ఒకటి ఎలా కలిసి పనిచేస్తాయో చూడటం ఒక ముచ్చట. వాంగ్ వదులుగా ఉందనుకోండి. గాలి తాకిడికి సెయిలర్ మెయిన్‌షీట్ కాస్త వదిలితే బూమ్ పైకి లేస్తుంది, మాస్ట్ నిటారవుతుంది, తెరచాపకు పొట్ట వస్తుంది. గాలి ఎక్కువైనప్పుడే పడవకు శక్తి పెరుగుతుంది, అంటే తగ్గించబోయి పెంచినట్టవుతుంది. వాంగ్‌ను బాగా బిగించి ఉంచితే మెయిన్‌షీట్ వదిలినా బూమ్ పైకి లేవదు, పక్కకు మాత్రమే వెళుతుంది. తెరచాప చదునుగానే ఉంటుంది. మొదటి తరం లేజర్లలో వాంగ్‌ను ఇంత బిగించడం మోటు బలం ఉన్నవాళ్లకే సాధ్యమయ్యేది. 2000 తర్వాత ఎక్కువ కప్పీలున్న కొత్త అమరికను నియమాల్లోకి తీసుకొచ్చారు. తేలిక శరీరాలవాళ్లకు కూడా ఆ వంపు అందుబాటులోకి వచ్చింది. యాభై ఏళ్ల పైచిలుకు జీవితంలో ఈ పడవకు చేసిన మార్పుల్లో ఇంత న్యాయమైనది మరొకటి లేదనుకుంటాను.

వెనుక భాగంలో ఒక చిన్న ఏర్పాటును చాలామంది గమనించకుండా దాటేస్తారు. మెయిన్‌షీట్ కింది కప్పి పడవకు ఇటునుంచి అటు వెళ్లాలి. పడవ దిశ మారినప్పుడల్లా బూమ్ అటు మారితే కప్పీ అటు మారాలి. పెద్ద పడవల్లో దీనికి లోహపు పట్టా, దానిమీద చక్రాల బండి పెడతారు. లేజర్‌లో పెట్టింది ఒక తాడు. వెనుక రెండు మూలల మధ్య, టిల్లర్ మీదుగా త్రికోణంలా కట్టిన తాడు. దాని మీద కప్పి జారుతుంది. గాలికి ఎదురుగా వెళ్లేటప్పుడు బూమ్ నడిమధ్యకు కాకుండా మూలవైపు నిలవాలంటే ఈ తాడు వీణ తీగలా బిగిసి ఉండాలి. అంత బిగిస్తే అది టిల్లర్‌ను నొక్కుతుంది. దాంతో టిల్లర్ సన్నగా, డెక్‌కు అంటుకున్నంత కిందుగా ఉండాల్సి వస్తుంది. కప్పి దాని మీదుగా దూకి అటు వెళ్లాలి కనుక పై భాగం నున్నగా ఉండాలి. పోటీల్లో పాల్గొనేవారు టిల్లర్ మీద అంత శ్రద్ధ ఎందుకు పెడతారంటే కారణం ఇదే. ఒక లోహపు పట్టాను తప్పించినందుకు ఇక్కడ చెల్లించిన మూల్యం ఒక టిల్లర్ మందం. ఆ బేరం నాకు చాలా నచ్చుతుంది.

హల్ సంగతి. పొడవు సుమారు 4.2 మీటర్లు, నీటిని తాకే పొడవు 3.81 మీటర్లు, వెడల్పు దాదాపు 1.4 మీటర్లు, హల్ బరువు 59 కిలోలు. నీటిని తోసుకుంటూ నడిచే పడవ తాను లేపిన అలకే బందీ అవుతుంది. 3.81 మీటర్ల పొడవుకు ఆ హద్దు గంటకు 9 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని దాటాలంటే పడవ నీటిని చీల్చడం మాని నీటి మీదికి లేచి జారాలి. కెర్బీ హల్ ముందు భాగాన్ని గుండ్రంగా, కోసుగా ఉంచి, వెనక్కి పోయేకొద్దీ అడుగును చదును చేశాడు. నిదానమైన గాలిలో గుండ్రని ముందు భాగం నీటిని తక్కువ రాపిడితో విడదీస్తుంది. గాలి పెరిగి సెయిలర్ వెనక్కి జరిగితే చదునైన వెనుక భాగం పడవను పైకెత్తుతుంది. ముందుకు జరగడం, వెనక్కి జరగడం ఇక్కడ గేర్లు మార్చడమే. పడవలో గేర్ లేదు, సెయిలర్ నడుము ఉంది.

సెయిలర్ శరీరాన్ని కూడా కెర్బీ పడవలో భాగంగానే లెక్క వేశాడు. ఎనభై కిలోల చుట్టుపక్కల బరువున్న మనిషిని ఊహించుకుని ఈ హల్‌ను గీశాడు. అంటే హల్ కన్నా మనిషే బరువు. గాలి పడవను ఒక పక్కకు తోస్తుంటే మనిషి ఎదురు పక్కన కూర్చుని, పాదాలను హల్ మధ్యలో ఉన్న పట్టీ కింద దూర్చి, శరీరం మొత్తాన్ని నీటి మీద వేలాడేలా వాల్చాలి. దీన్ని హైకింగ్ అంటారు. తొడల కండరాలు నిమిషాల తరబడి అలాగే బిగిసి ఉండాలి. డెక్ అంచును గుండ్రంగా వంచడం వెనక ఇదే ఆలోచన, తొడల కింద పదునైన అంచు ఉంటే ఎవరూ అలా వేలాడలేరు. అయినా గంటసేపు వేలాడినవాళ్లకు సుఖంగా ఉండదు, అది నిజం. ఈ పడవ మోకాళ్లను, నడుమును కరుణించదు.

మనిషి నీళ్లలో పడినా పడవ మునగకూడదు. ఒకవేళ బోర్లాపడితే డాగర్‌బోర్డ్ మీదికి ఎక్కి నిలబడితే చాలు, లేజర్ మళ్లీ నిటారవుతుంది. హల్ లోపల గాలితో నిండిన ప్లాస్టిక్ డబ్బాలు గానీ ఫోమ్ దిమ్మలు గానీ పెట్టడంవల్ల అది తేలుతూనే ఉంటుంది. కూర్చునే గుంటను లోతు తక్కువగా, చిన్నగా ఉంచడం చూడటానికి పిసినారితనంలా ఉంటుంది. దానివల్లే లేచిన పడవలో నీళ్లు ఎక్కువ నిలవవు. మిగిలిన కాసిని నీళ్లను గుంట అడుగున ఉన్న బెయిలర్ అనే చిన్న తూము పడవ వేగంతోనే బయటికి పీల్చేస్తుంది. పడవ బోర్లాపడినప్పుడు డాగర్‌బోర్డ్ జారి నీటిపాలు కాకుండా దాన్ని తాడుతో కట్టి ఉంచాలని నియమం కూడా ఉంది. ఈ పడవ తన చుట్టూ ఉన్నవారి తొందరను, ఆదమరుపును కూడా ముందే లెక్క వేసుకుంది.

తీగలు లేకపోవడంవల్ల వచ్చిన గొప్ప లాభం గాలి వెనకనుంచి వీచే దిశలో తెలుస్తుంది. తీగలున్న పడవల్లో బూమ్‌ను ఎంత బయటికి వదిలినా అది తీగకు తగిలి ఆగిపోతుంది. లేజర్‌లో మాస్ట్ గుంటలో తిరుగుతుంది, అడ్డేమీ లేదు, బూమ్ తొంభై డిగ్రీలు దాటి ముందుకు కూడా పోగలదు. దాంతో సెయిలర్లు ఒక విచిత్రమైన పద్ధతి నేర్చుకున్నారు. గాలి తెరచాప ముందు అంచు నుంచి వెనక్కి ప్రవహించడం మామూలు. పడవను తగిన కోణంలో పెట్టి, బూమ్‌ను బాగా ముందుకు వదిలితే, గాలి వెనుక అంచు నుంచి ముందు అంచుకు తిరగబడి ప్రవహిస్తుంది. తెరచాప వెనక్కి తిరిగిన రెక్కలా పనిచేస్తుంది, పడవ అలల మీద జారుతుంది. మెరుగైన సెయిలర్లు ఒక కోణం నుంచి ఇంకో కోణానికి పడవను ఒరిగిస్తూ, మెలికలు తిప్పుతూ అలలను వెతుక్కుంటూ వెళతారు. మాస్ట్ తీగలను తీసేసింది డబ్బు, బరువు మిగలడానికే అయినా, గీసినవాళ్లు ఊహించినదానికన్నా పెద్ద మేలు వాటి లేమి నుంచి వచ్చింది. మంచి పనితనం కొన్నిసార్లు ఇలా తన తయారీదారుల కన్నా ముందుకు వెళుతుంది. ఈ పడవలోనే బ్రెజిల్‌కు చెందిన రాబర్ట్ షైట్ 1996లో, 2004లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. 2000 సిడ్నీలో అతన్ని రెండో స్థానానికి నెట్టి బ్రిటన్ సెయిలర్ బెన్ ఐన్స్లీ స్వర్ణం గెలిచాడు. వాళ్ల పోరును గుర్తుంచుకున్నవారికి ఈ పడవలో తెలివికి ఎంత చోటు ఉందో చెప్పనక్కర్లేదు.

లోపాలు లేవా? ఉన్నాయి. పాత తెరచాప గుడ్డ త్వరగా సాగిపోయేది, ఒకే సీజన్‌లో ఆకారం చెడేది. కొత్త తెరచాప ఇంకాస్త నిలుస్తుంది. మాస్ట్ పై భాగం ఎక్కువ వంగి వంగి శాశ్వతంగా వంకరపోయేది, రెండు గొట్టాలు కలిసే చోట వేసిన రివెట్ దగ్గర విరిగేది. సెయిలర్లు దాన్ని తలకిందులు చేసి వాడుకునేవారు. ఇప్పుడు కార్బన్, గాజు పీచులతో చేసిన పై భాగాలు నియమాల్లో చేరడం పెద్ద ఊరట. మాస్ట్ దిగే గుంట అడుగున ఇసుక చేరి అరుగుతుంది, అక్కడినుంచే నీళ్లు హల్‌లోకి దూరుతాయి. పాత పడవ కొనేవాళ్లు ముందుగా ఆ గుంటలో నీళ్లు పోసి చూస్తారు. పాతబడిన ఫైబర్‌గ్లాస్ మెత్తబడితే గాలి ఇచ్చిన బలంలో కొంత పడవ కదలికకు బదులు హల్ వంగడానికే పోతుంది.

అయినా ఈ లోపాలను ఎవరికి వారు ఇంట్లో సరిచేసుకోకూడదు. లేజర్ కఠినమైన వన్-డిజైన్ పడవ. లైసెన్స్ ఉన్న తయారీదారులు ఆమోదించిన అచ్చుల నుంచి, ఒకే నిర్మాణ నియమావళి ప్రకారం హల్ చేయాలి. హల్‌కు ఇంకో పొర అద్దడం, డాగర్‌బోర్డ్ అంచును చెక్కుకోవడం, తెరచాపను కుట్టించుకోవడం అన్నీ నిషేధం. ఒలింపిక్స్‌లో అయితే నిర్వాహకులే పడవలు తెచ్చి పోటీదారులకు ఇస్తారు. ఎవరి పడవా ఎవరి సొంతం కాదు. నెగ్గినవాడిని చూసి పడవ మంచిది అనడానికి వీల్లేదు. ఇలా లైసెన్స్‌తో చేసే ఈ పడవ తయారీ హక్కుల మీదే ఒక పెద్ద తగాదా వచ్చింది. దాని ఫలితంగా 2019లో ఈ పడవకు పోటీల కోసం ఐఎల్‌సీఏ అనే కొత్త పేరు పెట్టారు. పాత సెయిలర్ల నోట మాత్రం ఇంకా లేజరే.

ఐఎల్‌సీఏలో మూడు రకాలున్నాయి: 7, 6, 4. ఆ అంకెలు తెరచాప వైశాల్యాన్ని సూచిస్తాయి. 7కు 7.06 చదరపు మీటర్లు, 6కు 5.76, 4కు 4.7. హల్ ఒకటే, చుక్కాని ఒకటే, మాస్ట్ పై భాగం ఒకటే. మారేది తెరచాప, మాస్ట్ కింది గొట్టం. తెరచాప చిన్నదైతే దాని బలకేంద్రం ముందుకు జరిగి చుక్కాని పట్టు తప్పుతుంది. 4లో కింది గొట్టాన్ని తయారు చేసేటప్పుడే కొద్దిగా వెనక్కి వంచి పెట్టారు. దాంతో చిన్న తెరచాప గాలి బలం తిరిగి వెనక్కి, డాగర్‌బోర్డ్ పైకి వస్తుంది. ఒక చిన్న వంపుతో బక్కపలుచని పిల్లకూ బలిష్ఠుడైన పెద్దవాడికీ అదే హల్ చాలిన ఏర్పాటు ఇది. ఇంటి దగ్గరి క్లబ్బులో ఉన్న పాత హల్ మీద ఒక కింది గొట్టం మార్చి పిల్లవాడిని ఎక్కించవచ్చు.

ఈ పడవ హైదరాబాద్ వాళ్లకు తెలిసినదే. హుస్సేన్ సాగర్ మీద వానాకాలంలో ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ వారు హైదరాబాద్ సెయిలింగ్ వీక్ నిర్వహిస్తూ వస్తున్నారు, అందులో లేజర్లదే పెద్ద పీట. ఆ చెరువు చుట్టూ భవనాలు లేచాయి, మధ్యలో బుద్ధ విగ్రహం నిలిచింది. గాలి వాటిని తాకి విరిగి, తిరిగి, ఊహించని చోట దాడి చేస్తుంది. అటువంటి నీటిలో మాస్ట్ వంచే చేయి క్షణం తడబడినా వెంటనే శిక్ష పడుతుంది. హుస్సేన్ సాగర్ మీద లేజర్ నేర్చుకున్నవారికి మారే గాలి మీద మంచి పట్టు వస్తుంది.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత్ తరఫున నేహా ఠాకూర్ ఐఎల్‌సీఏ 4లో రజతం గెలిచింది, విష్ణు శరవణన్ ఐఎల్‌సీఏ 7లో కాంస్యం గెలిచాడు. తెరచాపల వైశాల్యంలో వాళ్లిద్దరి మధ్య తేడా రెండు చదరపు మీటర్లకు పైనే. హల్‌లో మాత్రం తేడా లేదు, 1969లో ఫోన్ చెవిన పెట్టుకుని కెర్బీ గీయడం మొదలుపెట్టిన ఆ రూపమే ఇద్దరి కిందా ఉంది.